ఉంటే పో, లేకపోతే పక్క పలక

ఇంతకుముందు రాయకపోవడానికి మొదటి కారణం, నాకు రాయడం రాదు. యాభై దాటేదాకా నా పేరు కూడా రాయలేదు. ఆనందపురం దగ్గర మా నాన్నకి కూరగాయల మడులుండేవి. అన్నదమ్ములు బడికి వెళ్ళారు, నేను తట్ట పట్టుకుని సంతకి వెళ్ళాను. అంకెలు నాకు సంతలోనే వచ్చాయి. తూకం, ధర, బస్సు నంబరు, వీటికి ఎవరినీ అడగక్కర్లేదు. అక్షరాలు మాత్రం రాలేదు. పెళ్ళయ్యాక మా ఆయన పోర్టులో పని చేసేవాడు. ఆయనకి చదువొచ్చు. ఇంటికి ఏ కాగితం వచ్చినా చదివి చెప్పేవాడు. నేను అడగడం, తను చెప్పడం ఆయనకి ఇష్టంగా ఉండేది. నేర్పమంటే నవ్వి, "నానున్నాను కదే" అనేవాడు. తర్వాత ఆయన పోయాడు.

అక్షరాలు వచ్చాక కూడా చాలాకాలం రాయలేదు. దానికి కారణం వేరు. రాస్తే మా కోడలు చదువుతుంది. సగం అక్షరాలు ఆమె చెప్పినవే, వాటితోనే ఆమె మీద రాస్తే ఏమంటుందోనని ఆగాను. ఇప్పుడు ఆమె పక్క గదిలోనే ఉంది. చదివితే చదవనీ.

మేము కూర్మన్నపాలెంలో కింద పోర్షన్‌లో ఉంటాం. రెండు గదులు, ఒక వంటిల్లు. మా అబ్బాయికి స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని, ఏ షిఫ్టు వేస్తే ఆ షిఫ్టు. వాడు ప్రేమించి పెళ్ళి చేసుకున్నాడు. ఆ పిల్ల వాళ్ళది గోదావరి వైపు. తండ్రి పోర్టులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆమె పుట్టింది విశాఖలోనే, పెరిగింది ఇక్కడే, అయినా నోరు తెరిస్తే గోదావరే. ప్రతి మాట చివరా అండీ ఉంటుంది. ఆ అండీలో గౌరవం ఎంతుందో కళ్ళు చూస్తే తెలుస్తుంది. నేను "ఏటి" అంటే మూతి బిగించి నవ్వు ఆపుకునేది. తర్వాత ఫోన్లో వాళ్ళమ్మకి నా మాటలు నా గొంతుతోనే చెప్పేది. బాగా చెప్పేది కూడా. వంటింట్లోంచి వింటే నేనే మాట్లాడుతున్నట్టు ఉండేది.

నేనూ ఊరుకోలేదు. ఆమె పులుసులో బెల్లం వేసిన రోజు నాకు వేరే గిన్నెలో చారు కాచుకునేదాన్ని, అది అందరికీ కనబడేలా మధ్యలో పెట్టేదాన్ని. దండెం మీది బట్టల మీద ప్లాంటు దుమ్ము పడుతుంటే మా అబ్బాయివీ నావీ తీసి లోపల పెట్టేదాన్ని. ఆమెవి అక్కడే ఉండేవి.

ఆమె డిప్లమో చదువులో ఒక్క సబ్జెక్టు మిగిలిపోయింది. మైక్రోప్రాసెసర్ ల్యాబ్ అంటారు. కాలేజీలో ఒక పెట్టె ఉంటుందట, దాని మీద మీటలు, ఎర్రగా వెలిగే అంకెలు. దానికి ఏం చేయాలో వరసగా చెప్పాలి. పరీక్షలో చెప్పిన పని అది చేసి చూపిస్తే పాసు, లేకపోతే లేదు. ఆమె పెళ్ళికి ముందు ఒకసారి తప్పింది, పెళ్ళయ్యాక ఇంకోసారి. సర్టిఫికెట్ చేతికొస్తే ఆటోనగర్లో ఒక కంపెనీ తీసుకుంటానంది. మా అబ్బాయికి ఓపిక అయిపోయింది. ఈసారి కూడా పోతే చదువు మూసేసి గాజువాకలో ఏదైనా బట్టల షాపులో చేరమన్నాడు. వాడు మెల్లగానే చెప్పాడు. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. నేను తిన్నాను.

మర్నాడు ఫోన్లో వాళ్ళమ్మతో మాట్లాడుతుంటే విన్నాను. స్పీకర్ పెట్టి బట్టలు మడతపెట్టుకుంటోంది. లెక్చరర్ ఒక మాట చెప్పాడట. తన ప్రోగ్రాం తనే చదువుకుంటే మనిషి రాసింది చదవడు, రాయాలనుకున్నది చదువుతాడు, అందుకని ఏమీ తెలియని మనిషిని కూర్చోబెట్టి కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చేయించమన్నాడట.

"ఏమీ తెలియని మనిషిని నేనెక్కడ వెతకాలమ్మా," అని నవ్వింది కోడలు. "మా ఇంట్లోనే ఉన్నారు కదా."

అవతల వాళ్ళమ్మ కూడా నవ్వింది.

నేను బీరకాయలు పక్కన పెట్టి గదిలోకి వెళ్ళాను. కత్తిపీట దగ్గర్నుంచి లేచిన చేతులు, తుడుచుకోలేదు.

"ఆ మనిసిని నానే," అన్నాను. "సెప్పు, ఏటి సెయ్యాలి?"

ఆమె ముందు ఫోన్ కట్ చేసింది. ముఖం ఎర్రబడింది, కానీ తప్పయిందని అనలేదు. నా వైపు కాసేపు చూసింది. లెక్క వేసుకుంటున్న చూపు అది.

"నిజంగా చేస్తారాండీ?"

"ఊరికే సెయ్యను. నాకు అచ్చరాలు సెప్పాలి."

"చెప్తానండీ. మీరు మెషీన్‌లాగా చేస్తేనే. మధ్యలో మీ తెలివి పెట్టకూడదు."

"నాకు తెలివి నేదని ఇప్పుడే కదేటి మీయమ్మకి సెప్పినావు."

అలా మొదలైంది. ఒక్క అక్షరం కూడా ఆమె ఊరికే చెప్పలేదు, ఒక్క పని కూడా నేను ఊరికే చేయలేదు.

ముందు గదిలో నేల మీద పెద్ద పలకలు పరిచి ఉంటాయి. ఆమె గడప దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కో పలక మూలన సుద్దతో ఒకటి, రెండు అని అంకెలు వేసింది. ఒక్కో పలక మీద ఒక్కో చీటీ. నా పని ఒకటో పలక దగ్గర నిలబడి చీటీ చదివి, అందులో ఉన్నది చేసి, పక్క పలకకి వెళ్ళడం. చేతిలో ఒక గిన్నె, గిన్నెలో చింతపిక్కలు. గోడవారగా ఒక పళ్ళెం, దాని పక్కన మిగతా పిక్కల డబ్బా. కిటికీలో ఒక స్టీలు గ్లాసు.

నాకు చదవడం రాదు కాబట్టి ముందు ఆ చీటీల మీది మాటలే నేర్పింది. 'తీయి' అంటే గిన్నెలోంచి ఒక పిక్క తీసి డబ్బాలో పడేయాలి. 'వేయి' అంటే డబ్బాలోంచి ఒక పిక్క పళ్ళెంలో వేయాలి. 'దులుపు' అంటే పళ్ళెం ఖాళీ చేయాలి. 'ఆగు' అంటే ఆగాలి. ఇవి తేలిక. కష్టమైనవి రెండు, ఆమె పరీక్ష తప్పింది కూడా వాటి దగ్గరే. కాలేజీలో వాటిని జంప్‌లు అంటారట. ఒకటి అన్‌కండిషనల్ జంప్. దాని చీటీ మీద 'పో' అని ఉంటుంది, పక్కన పలక నంబరు. పో 2 అంటే రెండో పలకకి పోవాలి. ఎందుకు అని లేదు. రెండోది కండిషనల్ జంప్. దాని మీద 'ఉంటే పో' అని ఉంటుంది. గిన్నెలో పిక్కలు మిగిలి ఉంటే చెప్పిన పలకకి పోవాలి. లేకపోతే పక్క పలకకి.

పో, ఆగు. నేను జీవితంలో మొదట చదివిన మాటలు అవి. ఈ ఇంట్లో నాతో ఎక్కువగా అనే మాటలు కూడా అవే కాబట్టి కొత్తగా అనిపించలేదు.

గ్లాసు దగ్గర మొదటి గొడవ వచ్చింది. పిక్క తీసిన ప్రతిసారీ గిన్నె ఖాళీ అయిందా లేదా చూసి, ఖాళీ అయితే గ్లాసు బోర్లించాలి, లేకపోతే నిలబెట్టాలి. ఉంటే పో దగ్గరికి వచ్చినప్పుడు ఆ గ్లాసునే చూడాలి, గిన్నెని చూడకూడదు. ఒకరోజు నేను గ్లాసు బోర్లించడం మర్చిపోయాను. ఉంటే పో దగ్గర గిన్నెలోకి చూశాను, ఖాళీ. పక్క పలకకి వెళ్ళి ఆగాను. లెక్క సరిగ్గా వచ్చింది. ఆమె ఒప్పుకోలేదు. గ్లాసు నిలబడి ఉండగా నేను ఎలా ఆగానంది. నా చేతిలో గిన్నె, నా కళ్ళ ముందు ఖాళీ, దాన్ని వదిలేసి కిటికీలో గ్లాసు మాట నమ్మాలా అన్నాను. మెషీన్‌కి కళ్ళు ఉండవు, గ్లాసే ఉంటుంది అంది. ఆ రోజు అక్షరం చెప్పలేదు.

ఇంకో రోజు 'ఉంటే పో' రాయాల్సిన చోట 'పో' అని రాసింది. అది ఆమెకి తెలియదు. చీటీలు పెట్టేసి వీధిలోకి వెళ్ళి ఫోన్ మాట్లాడుకుంటోంది. నేను తిరుగుతున్నాను. పిక్కలు అయిపోయాయి. అయినా పో అంటోంది. మళ్ళీ తీయి దగ్గరికి వెళ్ళి, లేని పిక్క తీసినట్టు చేయి పెట్టి, మళ్ళీ పళ్ళెంలో వేసి, మళ్ళీ పో. ఆమె చెప్పింది మధ్యలో తెలివి పెట్టవద్దని కదా, పెట్టలేదు. చివరికి పప్పు అడుగంటిన వాసన వచ్చి వంటింట్లోకి వెళ్ళాను. అప్పుడే ఆమె లోపలికి వచ్చింది.

"ఎందుకాగారండీ? ఆగమని లేదు కదా."

"పప్పు మాడతంది."

"మెషీన్‌కి పప్పు ఉండదండీ."

"అయితే మెసీనుకి కోడలూ ఉండదు," అన్నాను. "తిను ఈ మాడు పప్పు."

ఆమె చీటీ తీసి చూసుకుంది. తప్పు తనదే. పెదవి కొరుక్కుని 'ఉంటే' అని ముందు చేర్చింది. ఆ సాయంత్రం నాకు రెండు అక్షరాలు చెప్పింది, ఒకటి ఎక్కువ. ఎందుకని నేను అడగలేదు.

ఇలా చెప్పుకుంటూ పోతే నేర్చుకోవడం ఏదో సరదాగా సాగినట్టు ఉంటుంది. లేదు. అంకెలు చెరుగుతాయని ఆమె ముందు గది తుడవనిచ్చేది కాదు. నేను నడుస్తుంటే వెనక నిలబడి, కూరలవాడి తూకం చూసినట్టు చూసేది. నేను తప్పు చదివితే నిట్టూర్చేది. మోకాలు నొప్పితో పలక నుంచి పలకకి వంగి లేస్తుంటే కూర్చోమని ఒక్కసారి కూడా అనలేదు. నేనూ కూర్చుంటానని అడగలేదు. కానీ అక్షరాలు వస్తున్నాయి. గుణింతాలు వచ్చాయి. లారీల వెనక రాతల్లో ఒక్కో ముక్క పట్టుకోగలిగాను. ఆటో మీద ఎవరిదో పేరు సగం చదివి నిలబడిపోతే వెనకవాళ్ళు తోసుకుని ఎక్కారు.

సగమే చదవగలిగాను. ఎందుకంటే నాకు ఒత్తులు రావు. చీటీల మీద ఒత్తులున్న మాట ఒక్కటీ లేదు. అమ్మ, అత్త, అన్నం, బియ్యం, విశాఖపట్నం, ఏదీ నాకు అందదు. ఒకరోజు అడిగాను, అవెప్పుడు చెప్తావని.

"మెషీన్‌కి ఒత్తులు అక్కర్లేదండీ," అంది.

అప్పుడు నాకు విషయం అర్థమైంది. ఆమెకి నేను పరీక్ష దాకానే కావాలి. పాసయితే మెషీన్‌తో పని ఉండదు, ఒత్తులు రావు. తప్పితే మా అబ్బాయి చదువు మానిపించేస్తాడు, అప్పుడూ మెషీన్‌తో పని ఉండదు. ఎటు తిరిగినా నా అక్షరాలు పరీక్ష రోజుతో సరి. అందుకని పరీక్ష లోపలే ఒత్తులు పట్టేయాలనుకున్నాను. రోజుకి రెండు ప్రోగ్రాములు చేస్తాను, మూడు చేస్తాను, ఒత్తులు చెప్పు అన్నాను. పరీక్ష ముందు వారం మొదలుపెడదాం అంది. సరేనన్నాను.

ఆ వారం శుక్రవారంతో మొదలైంది.

ఆ రోజు ఆమె పొద్దున్నే కాలేజీకి హాల్ టికెట్ కోసం వెళ్ళింది. వెళ్ళే ముందు చీటీలు పరిచింది. అంతకుముందు రోజు సరిగ్గా నడిచిన ప్రోగ్రామే, మళ్ళీ ఒకసారి చేసి చూడమంది. చిన్నదే. ఒకటో పలక మీద దులుపు. రెండు మీద వేయి. మూడు మీద తీయి. నాలుగు మీద ఉంటే పో 2. అయిదు మీద ఆగు. గిన్నెలో ఎన్ని పిక్కలుంటే పళ్ళెంలో అన్ని చేరాలి.

మా పుట్టింట్లో శుక్రవారం గడప కడిగి పసుపు రాస్తే, గడప లోపలి చోటు ఖాళీగా ఉంచుతారు. దాని మీద చిన్న ముగ్గు వేస్తారు. దీపం పెట్టేదాకా అక్కడ ఏ వస్తువూ పెట్టరు, ఎవరూ నిలబడరు. లక్ష్మి అడుగు పెట్టే చోటు అంటారు. ఈ అద్దె ఇంట్లో దిగినప్పటి నుంచి నేను ఒక్క శుక్రవారం కూడా మానలేదు. ఆ చోటే ఆమె ఒకటో పలక. మిగతా శుక్రవారాలు నేను దీపం పెట్టాకే ఆమె చీటీలు పరిచేది. ఆ రోజు తొందరలో ముందే పరిచి వెళ్ళిపోయింది.

నేను చీటీలు తీశాను. ఒక్కోదాన్నీ ఒక పలక లోపలికి జరిపాను. దులుపు రెండో పలక మీదికి, వేయి మూడో దాని మీదికి, అలా చివరిదాకా. వరస ఒక్కటి కూడా తప్పలేదు. తప్పలేదని రెండుసార్లు చూసుకున్నాను కూడా. సుద్ద అంకెలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టి, ముగ్గు వేసి, చేతులు కడుక్కుని పిక్కల గిన్నె పట్టుకున్నాను.

దులిపాను. వేశాను. తీశాను. ఉంటే పో 2. రెండో పలక మీద దులుపు ఉంది. దులిపాను. మళ్ళీ వేశాను, తీశాను, రెండుకి వెళ్ళాను, దులిపాను. గిన్నె ఖాళీ అయ్యి నేను ఆగేటప్పటికి పళ్ళెంలో ఒక్క పిక్క ఉంది. ముందు రోజు నిండుగా వచ్చాయి కదా అని నాకూ అనిపించింది. కానీ తెలివి పెట్టవద్దంది. పళ్ళెం అలాగే ఉంచాను.

ఆమె ఎండలో వచ్చింది. పళ్ళెం చూసి మళ్ళీ చేయమంది. చేశాను. ఒకటే పిక్క. గిన్నెలో ఎక్కువ పోసింది, ఒకటే. తక్కువ పోసింది, ఒకటే. చీటీలు ఒక్కోటి చదువుకుంది, వరస సరిగ్గానే ఉంది. చీటీలన్నీ చింపి కొత్తవి రాసి, చింపిన వాటి చోటనే పెట్టింది. మళ్ళీ ఒకటే. అప్పుడు గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. నిన్న వచ్చింది ఇవాళ రాదేమిటి, నాకేమీ రాదు, నాకసలేమీ రాదు అంటూ ఏడ్చింది. నేను మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాను. తాగలేదు. తల ఎత్తి గడప వైపు చూసింది. ముగ్గు చూసింది. ముగ్గు కింద సుద్దతో వేసిన ఒకటి చూసింది.

"చీటీలు జరిపారా?"

"ఒక్క పలక లోపలికెట్టినాను. సుక్కురవారం కదా."

ఆమె లేచి నిలబడింది.

"చీటీలు జరిపితే అంకెలు జరుగుతాయాండీ? రెండుకి పొమ్మంటే రెండుకే పోతుంది. అక్కడ ఏముందో దానికేం తెలుసు?"

"నానేటి సేసినాను? ఒక్క సీటీ అటూ ఇటూ అవనేదు. వరస అలాగే ఉంది."

"కావాలనే చేశారు."

నేను వంగి పళ్ళెం చేతిలోకి తీసుకున్నాను.

"నేను పాసైపోతే మీకు అక్షరాలు చెప్పేవాళ్ళుండరని కావాలనే చేశారు. నన్ను ఏడిపించి, పరీక్షకి పోకుండా చేసి..."

"నువ్వు తప్పితే నాకేటొస్తాది?" అన్నాను. "నువ్వు పాసైనా తప్పినా నాకు సెప్పేది నేదు. ఆ సంగతి నాకెప్పుడో తెలుసు."

అది విన్నాక ఆమె గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను పిక్కలు డబ్బాలో పోసి అక్కడే కూర్చున్నాను. నాకు కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. చీటీ మీది రెండు అంటే 'వేయి అనే చీటీ' అని నేను అనుకున్నాను. అది చోటు నంబరు. ఆ చోటుకి ఎవరొచ్చి కూర్చున్నా వాళ్ళ దగ్గరికే పోవాలి.

కాసేపటికి తలుపు అవతల ఫోన్ మాటలు వినిపించాయి. ఆమె వాళ్ళమ్మకి చెబుతోంది. గొంతు మారింది, ఏడుపు లేదు. పోయినసారి పరీక్షలో తనకి ఇదే జరిగిందంటోంది. మధ్యలో ఒక లైను మర్చిపోయి, తర్వాత గుర్తొచ్చి, దాన్ని ఇరికించి, కింద ఉన్నవన్నీ ఒక్కో స్థానం జరిపింది. జంప్ పక్కన ఉన్న అంకె మార్చలేదు. పెట్టె పాత చోటుకే దూకింది. ఎంతసేపు నొక్కినా ఒకే అంకె వచ్చింది, టైమ్ అయిపోయింది. ఇన్నాళ్ళూ ఎందుకు తప్పిందో తనకి తెలియదట. ఇవాళ తెలిసిందట.

వాళ్ళమ్మ ఎలా తెలిసింది అని అడిగినట్టుంది.

"ఇక్కడ ఒకళ్ళు చీటీలు జరిపేశారులే," అంది.

ఒకళ్ళు. అంతే. గదిలోంచి బయటికి వచ్చాక నాతో ఆ సంగతి చెప్పలేదు. చెప్పకపోగా, చీటీలన్నీ ఏరి సంచిలో పెట్టి, చీపురు నా ముందు పడేసి, ముందు గది ఇక తుడుచుకోవచ్చంది. ఒత్తులు మొదలుపెడతానన్న వారం అది. ఆ వారమంతా ఆమె ఒక్కతే మంచం మీద కాగితాలు పెట్టుకుని చదువుకుంది. నేనూ ఒక్కసారి కూడా తలుపు దగ్గర నిలబడలేదు. ముందు గది మాత్రం రోజూ తుడిచాను. సుద్ద అంకెలు త్వరగా పోలేదు, రుద్దాల్సి వచ్చింది.

పరీక్ష అయింది. ఏ ప్రోగ్రాం వచ్చిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. కొన్నాళ్ళకి ఫోన్లో ఫలితం వచ్చింది. పాసైంది. మా అబ్బాయి షిఫ్టు దిగి వస్తూ మిఠాయి తెచ్చాడు. ఆమె మొదట నా కాళ్ళకి దండం పెట్టింది, అది వాళ్ళ ఇంటి పద్ధతి. పెట్టి లేచేటప్పుడు నా ముఖం చూడలేదు.

తిన్నాక అడిగాను. మా అబ్బాయి ఉండగానే అడిగాను, వాడు ఉంటే కాదనలేదని.

"పాసైనావు కదా. ఒత్తులు సెప్పు మరి."

ఆమె నోరు తుడుచుకుంది. తొందరపడలేదు.

"చెప్తానండీ. ఆ రోజు కావాలనే చేశానని ఒప్పుకుంటే చెప్తాను."

మా అబ్బాయి నవ్వబోయి ఆగాడు. మా ఇద్దరి ముఖాలూ చూశాడు.

"అమా, ఒక్క మాట అనీసి వదిలీ," అన్నాడు. "అయిపోద్ది కదేటి."

"సెయ్యనిదాన్ని సేసినానని ఏల సెప్పాలి?"

"చేయలేదని మీరనుకుంటే సరేనండీ," అంది కోడలు. "నేను చెప్పనని అనట్లేదు కదా. ఒప్పుకుంటే చెప్తాను, అంతే."

ఆమె అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే చెప్పేది. ఆ ఒక్క మాట నా నోటితో అని ఉంటే ఆ సాయంత్రమే సుద్ద తెచ్చి మొదలుపెట్టేది, అది నాకు తెలుసు. పలక పట్టుకుని కూర్చోబెట్టి, అత్త అనే మాట ముందు రాసి చూపించేది కూడా. అందుకే ఇంకా కోపం వచ్చింది. నేను కావాలని చేసి ఉంటే ఒప్పుకోవడానికి నాకేం భయం? ఒకసారి ఆమె పులుసు పారబోసినప్పుడు ఒప్పుకున్నాను. ఆమె బట్టలు దుమ్ములో వదిలేసినప్పుడు అడిగితే అవునన్నాను. ఇది చేయలేదు. చేయనిది చేశానంటే వచ్చే అక్షరాలు నాకు అక్కర్లేదని చెప్పి, కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. వెనక మా అబ్బాయి ఏదో సర్దిచెబుతున్నాడు. ఆమె గట్టిగానే జవాబిస్తోంది. నాకు వినిపించాలని అన్నట్టుగా.

మర్నాడు పొద్దున్న లేచి మా అబ్బాయికి క్యారేజీ కట్టి, ఎవరికీ చెప్పకుండా గాజువాక బస్సెక్కాను. స్కూలు పుస్తకాలు అమ్మే షాపు ఒకటి అప్పుడే షట్టర్ లేపుతున్నారు. ఒకటో తరగతి తెలుగు వాచకం అడిగాను. షాపతను మనవడికా అన్నాడు. నాకే అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి పుస్తకం బల్ల మీద వేశాడు. ఒత్తులున్న పేజీ తీసి ఒకసారి చదివి వినిపించమన్నాను. పొద్దున్నే ఇదేం బేరం అని విసుక్కున్నాడు. కొనేవాళ్ళకైతే చదివి పెడతాను, ఊరికే చూసి వెళ్ళేవాళ్ళకి కాదన్నాడు. డబ్బులు తీసి బల్ల మీద పెట్టాను. అతను గొణుక్కుంటూ కళ్ళజోడు పెట్టుకుని, ఎవరో తరుముతున్నట్టు గబగబా చదివాడు. నేను ప్రతి అక్షరం కింద వేలు పెట్టుకుంటూ వచ్చాను. సగం అందలేదు. అతను పేజీ చివరికి వచ్చి పుస్తకం మూయబోయాడు. నేను వేలు తీయలేదు.

"మళ్ళీ సదువు, బాబూ," అన్నాను. "ఈసారి మెల్లగా."